గాలి సోకిందా, జబ్బు చేసిందా?

మధ్యాహ్నం పనులు ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. బియ్యం ఏరుకుంటూనే అయినా సరే, ఈ నాలుగు మాటలు వినండి.

మన అనంతపురం వానల సంగతి వేరే చెప్పాలా? ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, అంతే. శనక్కాయ విత్తి రైతు మబ్బుకేసి చూస్తుంటే, ఊళ్ళో కప్పలకు పెళ్ళి చేస్తారు. ఆ వారంలో నాలుగు చినుకులు రాలాయా, ఇరవై ఏళ్ళు చెప్పుకుంటారు. రాలకపోతే ఆ ఏడు ఎవరికీ గుర్తుండదు. పెళ్ళి చేయకుండానే వాన పడిన ఏళ్ళయితే లెక్కలోకే రావు.

ఇది పల్లెవాళ్ళ అమాయకత్వం అనుకోకండి. 1960లో ఇంగ్లండులో పీటర్ వాసన్ అనే శాస్త్రజ్ఞుడు విద్యార్థులకు 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనుక ఉన్న సూత్రం కనుక్కోమన్నాడు. రెండేసి పెరగాలి కాబోలు అనుకుని చాలామంది 8, 10, 12 లాంటివే చెప్పి చూశారు. అసలు సూత్రం, పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా సరే! ‘నా ఊహ తప్పేమో’ అని ఒక్కసారి 1, 2, 9 అడిగి ఉంటే తెలిసిపోయేది. నమ్మినదానికి సాక్ష్యం ఏరుకోవడం, కాదన్నదాన్ని జారవిడవడం మనసు గుణం. చదువుకున్నా పోదు.

కప్పల పెళ్ళితో పోయేదేమీ లేదు. కాని ఇదే గుణం జబ్బు మనిషి మంచం దగ్గర పనిచేస్తే?

మా తోడికోడలి సంగతి చెబుతాను. కాన్పయిన పదో రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. గోడతో మాట్లాడేది. ఈ బిడ్డ నా బిడ్డ కాదనేది. సందెవేళ చింతచెట్టు కిందుగా వచ్చింది, గాలి సోకిందన్నారు పెద్దలు. ఇక ఆమె నవ్వినా గాలే, ఏడ్చినా గాలే. అంత్రం కట్టిన రాత్రి కాస్త కన్ను మూస్తే ‘చూశారా!’ అన్నారు. మర్నాడు మళ్ళీ మొదలైతే ‘గట్టి గాలి’ అన్నారు. తగ్గినా, తగ్గకపోయినా రుజువే!

మంత్రగాడు మిరపకాయల పొగ వేయాలన్నాడు. చేతులు పట్టుకోమని నాకు చెప్పారు. పట్టుకున్నాను. ‘వదులక్కా, వదులు’ అని ఆమె ఏడ్చింది. నేను వదల్లేదు. పదో తరగతి చదివినదాన్ని, నాకు అనుమానం లేకపోలేదు. కాని అత్తమ్మ చెప్పింది, మామగారు అక్కడే నిలబడి ఉన్నారు.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు నా చేతులే గుర్తొచ్చాయి. పక్కగదిలోని మనిషి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పొమ్మని ఒక పెద్దమనిషి చెబుతాడు. నిజానికి షాకు లేదు, అరుపులన్నీ నటన. ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. చెమటలు పట్టినా, వణికినా, 40 మందిలో 26 మంది చివరిదైన 450 వోల్టుల దాకా వెళ్ళారు. వాళ్ళు క్రూరులు కారు. ‘చెప్పినవారిదే బాధ్యత’ అనుకున్న మామూలు మనుషులు. అయితే ఇంకోసారి, పక్కనున్న ఇద్దరు ‘మేం చేయం’ అని లేచేసరికి, చివరిదాకా వెళ్ళినవారు 40 మందిలో నలుగురే!

మా ఇంట్లో అలా అన్నది పాలు పోసే ముసలామె. ‘పచ్చి బాలింతకు పొగేందమ్మా! ఆస్పత్రికి పిల్చుకపోండి’ అంది వాకిట్లోంచి. ఆ ఒక్క మాటకు నా పట్టు సడలింది.

డాక్టరుగారు అది జబ్బేనన్నారు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణగండం, వెంటనే మందులు పడితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మా ఆమెకు కొన్ని వారాల్లో తెరిపిచ్చింది. ఆ బిడ్డ ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు.

మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వారు పల్లె ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, మనసు జబ్బులకు అక్కడే వైద్యం అందేలా చేశారు. ఆ పద్ధతే 1996 నుంచి దేశంలోని ఇతర జిల్లాలకూ పాకింది. అయినా 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేసిన 28 మంది రోగులు కదలలేక కాలిపోయారు. రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

పెద్దలను గౌరవించవద్దని నేననడం లేదు. దర్గాకో గుడికో మొక్కుకుంటే తప్పూ లేదు. కాని మొక్కు మొక్కినా మాత్ర మానకూడదు. ఇంట్లో ఎవరైనా వారాల తరబడి నిద్ర లేక, మాట తీరు మారి కనబడితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బాలింతయితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వారు ఏ వేళనైనా, డబ్బు తీసుకోకుండా తెలుగులోనే సలహా చెబుతారు.

అందరూ తలూపేచోట ‘ఇది కాదేమో’ అనే ఒక్క గొంతు చాలు. మా ఇంట్లో ఆ గొంతు నాది కాలేదు. మీ ఇంట్లో అది మీదే కావాలని కోరుకుంటూ, సెలవు.