వ్యర్థ జలాలకు విద్యుత్ చికిత్స
(ప్రసంగ పాఠం)

పాలార్ నది కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు సీమను స్పృశించి, తమిళనాడులో సముద్రాన్ని చేరుతుంది. మూడు రాష్ట్రాల ప్రజలకు ఉమ్మడి సొత్తయిన ఈ నదీ పరిసరాలలో రాణిపేట పట్టణం ఉన్నది. తోళ్ల పరిశ్రమకు అవసరమైన క్రోమియం లవణాలను తయారు చేసిన ఒక కర్మాగారం అక్కడ 1995లో మూతపడింది. యంత్రాలు ఆగిపోయినా దాదాపు లక్షన్నర టన్నుల ఘన వ్యర్థం ఆవరణలోనే మిగిలిపోయింది. వాన నీటితో కలిసి అందులోని క్రోమియం నేలలోకి ఇంకి భూగర్భ జలాలను కలుషితం చేసింది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబూనడం ఎటువంటిదో, విషం నేలలోకి ఇంకిన పిదప శుద్ధికి పూనుకోవడం అటువంటిదే. వ్యర్థాన్ని పుట్టినచోటనే నిర్వీర్యం చేయడం వివేకం. అందుకు తోడ్పడే సాధనాలలో విద్యుద్రసాయన విధానం ఒకటి.

క్రోమియం రెండు ముఖ్య రూపాలలో కనిపిస్తుంది. ఆరు సంయోజకత గల క్రోమియం నీటిలో సులభంగా కరుగుతుంది, మిక్కిలి విషపూరితం. మూడు సంయోజకత గలది అంత ప్రమాదకరం కాదు. నీటిలోని ఆమ్లత్వం తగ్గినప్పుడు హైడ్రాక్సైడుగా మారి అడుగుకు చేరుతుంది. కనుక మొదటి రూపాన్ని రెండవ రూపంలోకి మార్చడమే శుద్ధిలోని కీలకం.

ఇందుకోసం లోహపు పూత పనులు జరిగే కర్మాగారాలలోని వ్యర్థ జలాన్ని ఒక తొట్టిలో నింపి, అందులో ఇనుప పలకలను నిలిపి, ఏకముఖ విద్యుత్తును ప్రసరింపజేస్తారు. ఆనోడు వద్ద ఇనుము ఫెర్రస్ అయానులుగా కరుగుతుంది. ఈ అయానులు క్రోమియంకు ఎలక్ట్రానులను అందించి దానిని క్షయకరణం చెందిస్తాయి. కాథోడు వద్ద నీరు విఘటనం చెంది హైడ్రోజన్ వాయువు, హైడ్రాక్సిల్ అయానులు ఏర్పడతాయి. ఆ హైడ్రాక్సిల్ అయానులతో కలిసి ఇనుము, క్రోమియం అవక్షేపాలవుతాయి. దీనినే విద్యుత్ స్కందనం అంటారు.

దీనికి కావలసిన విద్యుత్తును ముందుగానే గణించవచ్చును. మైకేల్ ఫారడే 1830 దశకంలో ప్రకటించిన సూత్రాల ప్రకారం, ఒక ఆంపియర్ విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే సుమారు 1.04 గ్రాముల ఇనుము కరుగుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల విష క్రోమియం గల వెయ్యి లీటర్ల నీటికి సిద్ధాంతరీత్యా సుమారు 161 గ్రాముల ఇనుము, 155 ఆంపియర్-గంటల విద్యుత్తు చాలును. నదులు, చెరువులలోకి వదిలే నీటిలో ఈ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించరాదని భారతదేశపు సాధారణ ప్రమాణం నిర్దేశిస్తున్నది.

ఇతర వ్యర్థాలకు ఇతర మార్గాలున్నాయి. పూత పనుల నుండి వచ్చే సయనైడును ఆనోడు వద్ద ఆక్సీకరణం చెందించి తక్కువ హానికరమైన పదార్థాలుగా మార్చవచ్చును. రాగి, వెండి వంటి లోహాలను కాథోడుపై నిక్షేపింపజేసి తిరిగి పొందవచ్చును. అప్పుడు వ్యర్థమే సంపద అవుతుంది.

ఈ శాస్త్రానికి దేశంలో ప్రత్యేక పీఠం తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్నది. దాత అళగప్ప చెట్టియార్ 300 ఎకరాల భూమిని, 15 లక్షల రూపాయలను సమర్పించగా, కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధన సంస్థకు 1948 జూలై 25న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1953 జనవరి 14న సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించారు.

అయితే ఈ విధానం సర్వరోగ నివారిణి కాదు. అడుగున చేరిన బురదలో క్రోమియం మిగిలే ఉంటుంది. దానిని భద్రమైన స్థలంలో పూడ్చవలసిందే. పలకలపై పొర ఏర్పడితే వాటిని శుభ్రపరచాలి. లవణాలు తక్కువగా ఉన్న నీటికి విద్యుత్ వ్యయం పెరుగుతుంది. క్లోరైడు అధికంగా ఉన్న నీటిలో సేంద్రియ పదార్థాలుంటే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడే ప్రమాదమున్నది.

విజ్ఞానశాస్త్రం మార్గాన్ని మాత్రమే చూపగలదు. ఆ మార్గాన నడవడానికి యజమాని చిత్తశుద్ధి, అధికారుల జాగరూకత, ప్రజల చైతన్యం తోడు కావాలి. ఎగువన ఒకరు వదిలిన నీటినే దిగువన మరొకరు త్రాగుతారు. వారి భాష వేరు కావచ్చు, రాష్ట్రం వేరు కావచ్చు. దాహం మాత్రం ఒక్కటే.