ఊరంతా ఒకవైపు, ఊళ పెట్టే మనిషి ఒకవైపు: 'ది హౌలింగ్ మిల్లర్'

ఈరోజు మనం ఫిన్లాండ్‌కి వెళ్దాం. అక్కడి రచయిత ఆర్తో పాసిలిన్నా 1981లో రాసిన నవల ఇది. ఇంగ్లిష్‌లో 'ది హౌలింగ్ మిల్లర్' పేరుతో దొరుకుతుంది. పాసిలిన్నా పుట్టింది ఉత్తరాన, లాప్లాండ్‌లో. అడవి పనులు చేశాడు, జర్నలిస్టుగా పనిచేశాడు. అందుకే ఆయన రాసిన పల్లెటూరు బొమ్మలా ఉండదు, నిజం ఊరిలా ఉంటుంది.

కథ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మొదలవుతుంది. గున్నార్ హుత్తునెన్ అనే పొడుగాటి మనిషి ఒక ఊరికి వచ్చి, పాడుబడ్డ పిండిమర కొంటాడు. మర అంటే కరెంటుది కాదు, ఏటి నీళ్లతో తిరిగేది. దాన్ని బాగుచేసి ఊరికి గింజలు ఆడించి పెడతాడు. మంచి పనిమంతుడు. ఒక్కటే తేడా. మనసు బాగోలేనప్పుడు రాత్రిపూట తోడేలులా ఊళ పెడతాడు. అంతే, ఊళ్లో కుక్కలన్నీ అందుకుంటాయి. ఇంకెవరికి నిద్ర?

ఇక్కడో విషయం గమనించండి. మొదట్లో ఊళ్లో కుర్రాళ్లకి ఇతనంటే భలే సరదా. జంతువుల్ని అనుకరించి చూపిస్తుంటే చుట్టూ చేరి నవ్వుతారు. అదే మనిషి ఊరి పెద్దలకి ఎదురు మాట్లాడాక 'పిచ్చోడు' అయిపోతాడు. ఊళ మారలేదు, దానికి ఊరు పెట్టిన పేరు మారింది.

తర్వాత డాక్టర్, పోలీసు, ఔలు నగరంలో పిచ్చాసుపత్రి. అక్కడ 'నాకు పిచ్చి లేదు' అంటే, అదే పిచ్చికి రుజువు! యుద్ధానికి వెళ్లకుండా పిచ్చి నటించి అక్కడ చేరినవాడు కూడా ఒకడుంటాడు. హుత్తునెన్ తప్పించుకుని అడవిలో దాక్కుంటాడు. బ్యాంకులో తన డబ్బే ఉన్నా తనకివ్వరు, ఎందుకంటే కాగితం మీద అతను పిచ్చివాడు. చదువుతుంటే నవ్వొస్తుంది. రెండు పేజీలయ్యాక ఆ నవ్వు గొంతులో అడ్డంపడుతుంది.

అలాగని అతను పాపం అమాయకుడేమీ కాదు. కోపమొస్తే పగలగొడతాడు, భయపెడతాడు. రచయిత అతన్ని దేవుణ్ణి చెయ్యలేదు, అది నాకు బాగా నచ్చింది. అతని పక్షాన నిలబడేది కొద్దిమందే. ఊరూరా తిరిగి కూరగాయలు పెంచడం నేర్పే సనెల్మా అనే అమ్మాయి, దొంగచాటుగా సారా కాచే పోస్ట్‌మ్యాన్.

నేనొకటి ఒప్పుకోవాలి. మా ఊరి బస్టాండ్‌లో ఒకాయన ఉండేవాడు. వచ్చిన ప్రతి బస్సుకీ 'రైట్ రైట్' అని విజిల్ వేసేవాడు. 'ఇంకోసారి వెయ్యి మామా' అని పిల్లలమంతా రెచ్చగొట్టేవాళ్లం. ఒకరోజు ఎవరో విసుగొచ్చి ఆయన మీద చెయ్యి చేసుకున్నారు. ఆయన వెంటనే మా వైపు చూశాడు. మేమే తన మనుషులం అనుకున్నాడేమో. నేను అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత ఆయన బస్టాండ్‌కి రావడం మానేశాడు. ఎక్కడికి పోయాడని నేనెప్పుడూ అడగలేదు.

ఈ నవల చదువుతుంటే ఆ చూపే గుర్తొచ్చింది. అప్పుడు మా చేతుల్లో ఫోన్లు లేవు. ఉండుంటే కచ్చితంగా వీడియో తీసేవాళ్లం, కింద నవ్వే బొమ్మలు పెట్టి షేర్ కూడా చేసేవాళ్లం. ఇవాళ మన ఫోన్‌లోకి అలాంటి వీడియోలు ఎన్ని రావట్లేదు చెప్పండి?

ఎండింగ్ చెప్పను, మీరే చదవండి. పెద్ద పుస్తకం కాదు, ఒక ఆదివారం చాలు. ఈసారి అలాంటి వీడియో వస్తే మాత్రం, ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కెమెరా ఆపేశాక ఆ మనిషి ఏమైపోయాడు అని అడగండి. నేను ఆరోజు అడగలేదు. మళ్లీ కలుద్దాం.