రుచికి విలువ కట్టేది ఆకలే
(స్మారకోపన్యాసం)

ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ గురువుగారు జీవితమంతా శరీరధర్మశాస్త్రం బోధించారు. అందుకే అందరికీ రోజూ అనుభవంలో ఉండే ప్రశ్ననే ఎంచుకున్నాను: మనం ఎందుకు తింటాం, ఎప్పుడు ఆపుతాం?

ఆకలి రుచెరుగదంటారు పెద్దలు. ఆకలి, రుచి వేర్వేరు వ్యవహారాలని శాస్త్రం కూడా చాలాకాలం అనుకుంది. ఆకలి శరీరానికి అవసరం, రుచి మనసుకు సరదా అని. మెదడులో వాటి మధ్య అలాంటి గోడ లేదని, రుచికి విలువ కట్టేది ఆకలేనని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ కథలో మన దేశస్థుడికి పెద్ద పాత్రే ఉంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నడిమి భాగం దెబ్బతింటే ఎలుకలు విపరీతంగా లావెక్కుతాయని 1940లో హెదరింగ్టన్, రాన్సన్ చూపించారు. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో బాల్ కృష్ణ ఆనంద్, జాన్ బ్రోబెక్ దాని పక్క భాగాలను రెండువైపులా దెబ్బతీశారు. ఆ ఎలుకలు ఎదుట మేత ఉన్నా ముట్టక, చిక్కి చనిపోయాయి. ఆనంద్ ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. పక్క భాగం ఆకలి కేంద్రం, నడిమి భాగం తృప్తి కేంద్రం అన్న పాఠం ఆ ప్రయోగాల నుంచే వచ్చింది. మా తరం దాన్నే వల్లెవేసింది.

ఆ పాఠంలో రుచికి చోటు లేదు. ఆ చోటు చూపించింది లెప్టిన్. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకు తెలిపే ఈ హార్మోన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. పుట్టుకతోనే ఇది లేనివారు బహు అరుదు. వారికి ఎంత తిన్నా ఆకలి తీరదు. 2007లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు అలాంటి ఇద్దరికి ఆహారపు బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. కోరికకూ ఆనందానికీ సంబంధించిన న్యూక్లియస్ అక్యుంబెన్స్ నచ్చిన తిండికి కడుపు ఖాళీగా ఉన్నా స్పందించింది, నిండినా స్పందించింది. ఏడు రోజులు లెప్టిన్ ఇచ్చాక, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే అలా స్పందించింది. ఆకలి సంకేతం చక్కబడగానే ఇష్టం కూడా హద్దులోకి వచ్చింది.

అయితే ఇష్టమన్నది కూడా ఒక్కటి కాదు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని దాదాపు లేకుండా చేసింది. అవి తమంతట తాము తినడం మానేశాయి. కానీ నాలుక మీద తీపి పడితే మాత్రం మామూలుగానే చప్పరించాయి. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. మొదటిదానికి డోపమిన్ ముఖ్యం. రెండోదానిలో మెదడు తానే తయారుచేసుకునే నల్లమందు జాతి రసాయనాలకు పాత్ర ఉంది.

రుచికి ఆకలి కట్టే ఈ లెక్క ఎప్పుడూ కుదురుతుందా అంటే, కుదరదు. విందులో ఇక చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాడే జిలేబీ రాగానే చెయ్యి తీస్తాడు. 2025లో కొలోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఎలుకల్లో దీనికి కారణం చూపించారు. కడుపు నిండిందని చెప్పే నాడీకణాలే ఆ నల్లమందు జాతికే చెందిన బీటా ఎండార్ఫిన్ విడుదల చేసి తీపి మీద కోరిక రేపుతున్నాయి.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు సాదా తిండి పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానం. ఎంత కావాలంటే అంత తినవచ్చు. మొదటి రకం తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు. అది ఎక్కువ రుచిగా ఉందని మాత్రం వారు చెప్పలేదు. ఆనందం పెరగకుండానే తిండి పెరిగింది. అతిగా తినేవాళ్లంతా రుచికి బానిసలన్న మన తీర్పు ఇక్కడ నిలవదు.

వైద్య విద్యార్థులారా, స్థూలకాయంతో వచ్చిన రోగితో నోరు కట్టుకోమనడం తేలిక. అలాంటివారిలో చాలామందికి లెప్టిన్ కొరత ఉండదు. ఉన్న లెప్టిన్ మాటే మెదడుకు సరిగా చేరదు. కాబట్టి ఏం తింటున్నారు, ఎంత వేగంగా తింటున్నారు, ఆకలేసి తింటున్నారా, ఎదురుగా ఉందని తింటున్నారా అని ముందు అడగండి. సలహా ఆ జవాబులను బట్టి ఇవ్వండి.