చెప్పుకోలేని పుండు
(పటాన్‌చెరు ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల నడుమ బతికే మనకు జబ్బు అనగానే పొగ, నక్కవాగు గుర్తుకు వస్తాయి. నేడు మేము ప్రస్తావించే వ్యాధి వాటి ఖాతాలోనిది కాదు. అది చాలా అరుదైనది, పేరు బెహ్చెట్ వ్యాధి. నోటి పుండ్లు, జననాంగాల పుండ్లు, కంటి వాపు, ఈ మూడూ ఒకే వ్యాధి లక్షణాలని 1937లో ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులూసి బెహ్చెట్ ప్రకటించాడు. తుర్కియే నుంచి జపాన్ దాకా పాత పట్టు వర్తక మార్గం పొడవునా ఇది ఎక్కువ. మన దేశంలో తక్కువ, అందుకే ఇక్కడ ఎవరికీ వెంటనే తట్టదు.

శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత రక్తనాళాల్లోనే వాపు పుట్టించడం దీని స్వభావం. దాదాపు అందరిలోనూ నోటిపూత ఉంటుంది. ఏడాదిలో మూడుసార్లైనా వస్తుంది, మానుతుంది, మళ్లీ వస్తుంది. మనం వేడి చేసిందని బీకాంప్లెక్సు మింగుతాం, మగవాడైతే గుట్కాను తిడతాం. (గుట్కాను తిట్టడంలో తప్పేమీ లేదు.) కాళ్లపై నొప్పితో కూడిన ఎర్రని గడ్డలు, మొటిమల వంటి పొక్కులు, కీళ్ల నొప్పులు, కొందరిలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఉంటాయి. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు. ఆ వాపు పదేపదే వస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు.

దీనిని తేల్చే ప్రత్యేక రక్తపరీక్ష ఏదీ లేదు. లక్షణాలన్నీ ఒకచోట చేరితేనే వైద్యునికి అనుమానం వస్తుంది. రోగి నోటికి పళ్ల డాక్టరును, గడ్డలకు చర్మ వైద్యుణ్ణి, కంటికి కంటి ఆసుపత్రిని ఆశ్రయిస్తుంది. మర్మస్థానంలోని పుండు మాత్రం ఎవరికీ చెప్పదు. ఇది అంటువ్యాధి కాదు, లైంగిక సంబంధంతో వచ్చేది కాదు. అయినా ఇంట్లో తెలిస్తే శీలాన్నే శంకిస్తారని ఆమె భయం. ఆ భయం నిరాధారమని మేము అనలేము.

ఇంకొక అడ్డు భాష. ఉర్దూ తప్ప మాట్లాడలేని తల్లి వెంట పన్నెండేళ్ల కొడుకు దుబాసీగా వస్తాడు. ఏ తల్లి ఈ మాటను కొడుకు నోట పలికిస్తుంది? 2017లో తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. ఆ హోదా బోర్డుల మీద కనిపిస్తే చాలదు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో ఉర్దూ తెలిసిన ఒక మహిళా ఉద్యోగి ఉండాలి. మా వినతిపత్రంలో మొదటి కోరిక ఇదే.

చికిత్స ఉంది. కాల్చిసిన్, స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ వంటి మందులతో వాపును అదుపు చేయవచ్చు. కీళ్లవాత నిపుణుల విభాగం నిమ్స్‌లో ఉంది, కంటికి మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. భర్తకు ఈఎస్‌ఐ ఉంటే భార్యకూ వైద్యం హక్కే. కాంట్రాక్టు కార్మిక సోదరులు తమ కార్డులో భార్య పేరు నమోదై ఉందో లేదో ఈ వారమే చూసుకోవాలి.

పుండు ఎప్పుడు వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎన్నాళ్లకు మానింది, ఒక కాగితం మీద తేదీలతో రాసుకోండి. ఉర్దూలో రాసినా సరే. నోరు తెరిచి చెప్పలేని మాటను ఆ కాగితంలో రాసి డాక్టరు చేతికివ్వండి. రాయడం రాని అక్కలకు రాసిపెట్టడానికి మా మహిళా కార్యకర్తలు సభ ముగిశాక ఇక్కడే ఉంటారు.