కదలని పటాలాలు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు మాకు డిగ్రీలో యూరప్ చరిత్ర చెప్పారు. ఫలానా సంధిలో ఫలానా షరతులున్నాయని మేం వల్లె వేస్తుంటే, "సరే, డబ్బు ఎవరు పెట్టారు?" అని అడిగేవారు. నాకు అప్పగించిన అంశం యూరప్ దేశాల ఉమ్మడి సత్వర స్పందన దళం. దీని మీద వచ్చే రాతల్లో వ్యూహాలూ విలువలూ దండిగా దొరుకుతాయి. నేను మాత్రం మాస్టారి ప్రశ్నే పట్టుకుని, దానికి ఇంకొకటి చేర్చి నడుస్తాను. డబ్బు ఎవరిది? పొమ్మనేది ఎవరు?

2008 అక్టోబర్ నెలాఖరు. కాంగో తూర్పు సరిహద్దులో, కివూ సరస్సు ఒడ్డున గోమా పట్టణం. లారెంట్ ఎన్‌కుండా తిరుగుబాటు సేన పొలిమేర దాకా వచ్చేసింది. కాపాడాల్సిన ప్రభుత్వ సైనికులే ఊరిని దోచుకుంటూ పారిపోయారు. జనం మూటాముల్లే నెత్తిన పెట్టుకుని రోడ్డున పడ్డారు. అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతిరక్షక దళం ఉంది. ఉత్తర కివూ బాధ్యత చూస్తున్నది మన భారత బ్రిగేడే. కానీ ఉన్న మంది చాలరు. కొత్తవాళ్లు చేరడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆదుకోవడానికి ఒక దళాన్ని పంపమని సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ యూరోపియన్ యూనియన్‌ను అడిగారు.

సరిగ్గా ఇలాంటి పని కోసమే యూరప్ దగ్గర దళాలున్నాయి. వాటిని బ్యాటిల్ గ్రూపులంటారు. ఒక్కో దానిలో సుమారు 1500 మంది. ఎప్పుడూ రెండు దళాలు సిద్ధంగా ఉండాలి, ఆరు నెలలకోసారి వంతు మారేది. నిర్ణయమైన పది రోజుల్లో రంగంలోకి దిగాలి, 30 రోజులు, అవసరపడితే 120 రోజులు నిలదొక్కుకోవాలి. 2007 జనవరి 1 నుంచి ఈ ఏర్పాటు పూర్తిగా అమల్లో ఉంది. 2008 రెండో సగంలో ఒక వంతు బ్రిటన్‌ది, రెండోది జర్మనీ భాగస్వామిగా ఉన్న దళానిది. బ్రిటన్ సుముఖంగా లేదు. జర్మనీ అంతకన్నా లేదు. బెల్జియం గట్టిగా పట్టుబట్టింది. డిసెంబర్ శిఖరాగ్ర సమావేశం వచ్చింది, పోయింది. ఒక్క సిపాయి కూడా బయల్దేరలేదు.

ఆ తర్వాత లిబియా వచ్చింది, మాలి వచ్చింది, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ వచ్చింది. ఒక్క బ్యాటిల్ గ్రూపును కూడా ఎక్కడికీ పంపలేదు. యూరప్‌వాళ్లకు పోరాడే దమ్ము లేదని తేల్చేసేవాళ్లున్నారు. నేనలా అనను. అదే కాలంలో ఆ దేశాల సైనికులే అఫ్ఘానిస్తాన్‌లో ప్రాణాలిస్తున్నారు. చిక్కు సిపాయిలది కాదు, వాళ్ల వెనకున్న కాగితాలది.

ఆ కాగితాల కథ 1950లో మొదలవుతుంది. కొరియా యుద్ధం రాజుకుంది. సోవియట్ సేనలు రేపు యూరప్ మీదికి వస్తే అడ్డుకోవడానికి పశ్చిమ జర్మనీకి కూడా తుపాకీ ఇవ్వాలని అమెరికా పట్టుబట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్లే అయింది, ఫ్రాన్స్‌కు ఈ మాటే వెన్నులో చలి. అప్పటి ఫ్రెంచి ప్రధాని రెనే ప్లెవెన్ ఒక ఉపాయం చెప్పారు. జర్మన్ సిపాయిలు ఉండొచ్చు, జర్మన్ సైన్యం మాత్రం ఉండకూడదు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్ కలిసి ఒకే యూనిఫాంతో, ఒకే బడ్జెట్‌తో ఒక సైన్యం పెట్టుకోవాలి. 1952 మే 27న పారిస్‌లో సంతకాలు కూడా అయ్యాయి. నాలుగు దేశాల పార్లమెంట్లు ఆమోదించాయి.

1954 ఆగస్టు 30న ఒప్పందం ఫ్రెంచి జాతీయ సభలో కుప్పకూలింది. దాని మంచి చెడ్డల మీద ఓటింగ్ జరగనే లేదు. అసలు చర్చే వద్దన్న తీర్మానం 319–264తో నెగ్గింది. మామూలుగా ఒకరి మొహం ఒకరు చూడని కమ్యూనిస్టులూ, డిగాల్ అనుచరులూ లేచి నిలబడి ఫ్రెంచి జాతీయగీతం పాడారు. ఎవరి బిడ్డను వాళ్లే చంపుకోవడమంటే ఇదే. నాకు వింతగా తోచేది దాని తర్వాతి సంగతి. మరుసటి ఏడాదే పశ్చిమ జర్మనీ నాటోలో చేరి సొంత సైన్యం పెట్టుకుంది. దేన్ని తప్పించడానికి ప్లెవెన్ ఆ పథకం వేశారో, దాన్నే ఫ్రాన్స్ వేరే దారిలో ఒప్పుకుంది. ఫ్రెంచి సిపాయిని ఫ్రెంచి ప్రభుత్వం కాక ఇంకొకరు చావుకు పంపడమన్న ఆలోచన జర్మనీ భయం కన్నా పెద్దదైందని దీన్ని బట్టి నాకు అర్థమవుతోంది.

ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు అమెరికా గొడుగు కింద గడిచిపోయాయి. 1991లో యుగోస్లావియా ముక్కలవుతుంటే, ఇది యూరప్ చక్కబెట్టాల్సిన పని, అమెరికాది కాదు అని లగ్జెంబర్గ్ విదేశాంగ మంత్రి జాక్ పూస్ ప్రకటించారు. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనికాలో డచ్ శాంతిరక్షకుల కళ్లెదుటే సెర్బు సైనికులు మగవాళ్లను వేరుచేసి తీసుకుపోయారు. సుమారు ఎనిమిది వేల మందిని చంపారు. 1999లో కొసావో కోసం 78 రోజులు బాంబుల దాడి జరిగితే బరువంతా మోసింది అమెరికా విమానాలే. యూరప్‌లో యూనిఫాం వేసుకున్నవాళ్లు ఇరవై లక్షల దాకా ఉన్నా, ఆ పక్కనే ఉన్న కొసావోకు నలభై వేల మందిని పంపడానికి ఆపసోపాలు పడ్డారు.

ఆ అవమానాల మధ్యే కొత్త సంకల్పం పుట్టింది. 1998 డిసెంబర్‌లో సెయింట్ మాలోలో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్, ఫ్రెంచి అధ్యక్షుడు జాక్ షిరాక్ చేతులు కలిపారు. ఏడాది తర్వాత హెల్సింకీలో లక్ష్యం రాసుకున్నారు. 60 రోజుల్లో 50 నుంచి 60 వేల మందిని దింపాలి, ఏడాది పాటు నిలపాలి, 2003 కల్లా సిద్ధం కావాలి. విద్యార్థులు ఇక్కడ లెక్క చూడాలి. ఏడాది నిలపాలంటే ఒక విడత యుద్ధంలో, ఒక విడత విశ్రాంతిలో, ఒక విడత తయారీలో ఉండాలి. అంటే అరవై వేలకు మొత్తం మూడింతలు కావాలి. 2000 నవంబర్‌లో దేశాలన్నీ కలిసి లక్ష మందినీ, 400 విమానాలనూ, 100 ఓడలనూ రాసిచ్చాయి. అయితే నాటో జాబితాలో ఉన్న సిపాయే యూరప్ జాబితాలోనూ ఉన్నాడు, సమితి అడిగినా పంపేది అతన్నే. కాగితం మీద ముగ్గురు, ఒంటి మీద ఒక్క చొక్కా.

ఈ గాథలో నిజంగా కదిలిన పటాలం ఒకటుంది. దాని గురించి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. 2003 మేలో ఈశాన్య కాంగోలోని బునియా నుంచి ఉగాండా సేనలు వెనక్కి వెళ్లగానే హేమా, లెండూ తెగల సాయుధ మూకలు ఊరి మీద పడ్డాయి. సమితి తరఫున ఉన్న ఉరుగ్వే బెటాలియన్‌కు తన స్థావరంలో చేరినవాళ్లను కాపాడుకోవడమే గగనమైంది. మే 30న భద్రతా మండలి 1484వ తీర్మానం చేసింది. వారం తిరిగేసరికి ఫ్రెంచి ముందస్తు దళం బునియాలో దిగింది. ఉగాండాలోని ఎంటెబే విమానాశ్రయం వాళ్లకు మజిలీ. బునియాలో ఉన్న మట్టి రన్‌వేను బాగుచేసుకుంటూ సరుకు దింపారు. ఊళ్లో ఎవరి చేతిలోనూ ఆయుధం కనబడకూడదని ఆజ్ఞ. స్వీడన్ కమాండోలు కూడా వచ్చారు. సుమారు రెండు వేల మంది పని ముగించి, సెప్టెంబర్ 1న సమితి దళానికి అప్పగించి వెళ్లారు. దానికి ఆపరేషన్ ఆర్టెమిస్ అని పేరు. చుట్టుపక్కల పల్లెల్లో చంపుడు ఆగలేదన్నది కూడా నిజమే, బునియా ఊరు మాత్రం నిలబడింది.

ఈ విజయం చూసే మరుసటి ఏడాది బ్యాటిల్ గ్రూపుల ప్రతిపాదన చేశారు. కానీ పాఠం సగమే చదివారని నా అభిప్రాయం. ఆర్టెమిస్ వేగానికి కారణం దళం చిన్నదవడం ఒక్కటే కాదు. ఫ్రాన్స్ ముందే నిర్ణయించుకుంది, ఖర్చుకు వెనకాడలేదు. యూరప్ జెండా తర్వాత వచ్చి చేరింది. బ్యాటిల్ గ్రూపుల్లో 1500 అన్న అంకె వచ్చింది, ఆ ముందే నిర్ణయించుకున్న దేశం రాలేదు.

ఇక డబ్బు సంగతి. యూరప్ సైనిక చర్యల్లో మూల సూత్రం, ఎవరి దళం ఖర్చు వాళ్లే భరించుకోవాలి. ప్రధాన కార్యాలయం లాంటి కొన్ని ఉమ్మడి ఖర్చులకు ఎథీనా అనే నిధి ఉండేది, అది మొత్తంలో చిన్న భాగం. దీని అర్థం ఏమిటంటే, ఊరి చెరువుకు గండి పడిన రాత్రి కాపలా వంతు ఎవరిదైతే వాళ్లే బస్తాలు కొని, ఇసుక తోలించి, కూలీ కూడా ఇచ్చుకోవాలి. పంట ఊరందరిదీ, ఖర్చు ఒక్క ఇంటిది. అలాంటప్పుడు నా వంతు వచ్చిన ఆరు నెలల్లో గండి పడకపోతే బాగుండునని ఏ రైతైనా కోరుకుంటాడు. ఏ ఆర్థికమంత్రైనా అంతే.

డబ్బు తర్వాత అనుమతి. యూనియన్‌లో సైనిక నిర్ణయానికి సభ్యదేశాల ఏకగ్రీవం కావాలి. ఆపైన జర్మనీలో పార్లమెంటు ఓటు కావాలి. ఐర్లండ్‌లోనైతే ప్రభుత్వం, పార్లమెంటు, సమితి మూడూ ఒప్పుకుంటేనే తాళం తెరుచుకుంటుంది. పది రోజుల గడియారం యూనియన్ నిర్ణయం అయ్యాకే మొదలవుతుంది. పక్కన మన అనుభవం పెట్టి చూడండి. 1988 నవంబర్ 3 తెల్లవారుజామున మాల్దీవుల అధ్యక్షుడు గయూం సాయం అడిగితే, ఆగ్రా నుంచి లేచిన మన పారాట్రూపర్లు ఆ రాత్రికే మాలే పక్కనున్న హులులే రన్‌వే మీద దిగారు. ఒక ప్రధాని, ఒక మంత్రివర్గం, ఒక ఖజానా. ఈ పోలిక న్యాయమైనది కాదు, యూరప్ ఒక దేశం కాదు కాబట్టి. దళం పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒక దేశమైనట్టే పెట్టుకున్నారు.

చాద్ సరిహద్దుకు 2008లో బ్యాటిల్ గ్రూపు కాకుండా మామూలు పద్ధతిలో దళాన్ని పంపినప్పుడు, మనుషుల కోసం, హెలికాప్టర్ల కోసం నెలల తరబడి సభ్యదేశాల చుట్టూ తిరిగారు. చివరికి నాలుగు హెలికాప్టర్లు ఇచ్చింది ఎవరో తెలుసా? రష్యా. మాలిలో 2013 జనవరిలో ఫ్రాన్స్ ఒంటరిగా దిగింది. అప్పుడు పోలండ్, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి కూర్చిన దళం వంతులోనే ఉంది. తన చేయి కూడా ఉన్న ఆ దళం కోసం ఫ్రాన్స్ ఎదురుచూడలేదు.

2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం ఈ చర్చను మళ్లీ లేపింది. అమెరికా సైనికులు గేటు పట్టుకుని నిలబడినంత సేపే యూరప్ విమానాలు తమవాళ్లను ఎక్కించుకోగలిగాయి. 2022 మార్చిలో, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన నెలకే, యూనియన్ కొత్త వ్యూహపత్రం ఆమోదించింది. 5000 మంది సత్వర దళం, భూమి మీదే కాక నౌకా, వైమానిక బలగాలతో, 2025 కల్లా సిద్ధం కావాలన్నారు. బ్యాటిల్ గ్రూపుల వంతు ఏడాదికి పెంచారు. 2023 అక్టోబర్‌లో స్పెయిన్‌లోని కాదిజ్ తీరంలో మొదటిసారి నిజమైన విన్యాసం చేశారు. ఉమ్మడి ఖర్చుల పరిధి కొంత పెరిగింది, ఎథీనా స్థానంలో అంతకుముందే యూరోపియన్ పీస్ ఫెసిలిటీ అనే పెద్ద నిధి వచ్చింది. 2025లో దళం సిద్ధమని ప్రకటించారు. ఏకగ్రీవ నియమం ఉన్నచోటే ఉంది.

60 వేలు, 1500, 5000. అంకె తగ్గిందీ పెరిగిందీ చూసి ముందుకో వెనక్కో అనుకోవద్దు. నా మటుకు నాకు ఈ దళం మొదటిసారి కదిలేది యుద్ధానికి కాదు, తమ పౌరుల తరలింపుకే అనిపిస్తుంది. సొంత మనుషుల్ని తెచ్చుకోవడానికి ఏ రాజధానీ అడ్డుపడదు. 2023 ఏప్రిల్‌లో సూడాన్ తగలబడుతున్నప్పుడు ఖార్తూమ్‌కు ఉత్తరాన వాదీ సెయిద్నా రన్‌వే మీద ఫ్రెంచి విమానాలు, జర్మన్ విమానాలు విడివిడి జెండాలతో వచ్చి, ఇతర దేశాలవాళ్లను కూడా ఎక్కించుకుపోయాయి. ఒక రాత్రి దీపాలు లేని ఆ రన్‌వే మీదే మన వాయుసేన సి-130జె నైట్ విజన్ గాగుల్స్ సాయంతో దిగి 121 మందిని తెచ్చింది. సూడాన్ నుంచి అలా ఆపరేషన్ కావేరిలో తిరిగొచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ రన్‌వేను కొన్ని రోజులు పట్టి ఉంచడం 5000 మందికి లెక్కలోది కాదు.

దీనికి యూనియన్ ఒడంబడికలో దారి కూడా ఉంది. ఇష్టమున్న కొన్ని దేశాలకే పని అప్పగించవచ్చని 44వ అధికరణం చెబుతుంది. ఇష్టంలేని దేశం సిపాయిని పంపనక్కర్లేదు, ఇష్టమున్న దేశం ఒంటరిగా పోనక్కర్లేదు. ఆ దేశాల వెనక ఉమ్మడి నిధిని పూర్తిగా నిలబెడితే మాస్టారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రెండో ప్రశ్నకు మాత్రం దొరకదు. అలా కొందరికి అప్పగించాలన్నా ముందు అందరూ ఒప్పుకోవాలి.