జైళ్లకు ఖైదీలు పెట్టిన పేర్లు: గయానా నుంచి హనోయి దాకా

జైలుకు ప్రభుత్వం పెట్టే పేరు ఒకటి, లోపల మగ్గినవాళ్లు పెట్టుకునే పేరు ఇంకొకటి. మొదటిది దస్తావేజుల్లో ఉంటుంది. రెండోది నోటి నుంచి నోటికి గోడ దాటి వస్తుంది. ఉత్తరాలు తనిఖీ చేసి, విలేకరులను దరిదాపులకు రానివ్వని కాలంలో బయటి లోకానికి అందిన సాక్ష్యం చాలాసార్లు ఆ పేరొక్కటే. ఫ్రెంచి వలస పాలన నిర్మించిన మూడు చెరల చరిత్ర ఇందుకు బలమైన ఆధారం. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా, వియత్నాం తీరానికి దూరంగా ఉన్న పూలో కొండోర్ దీవి, హనోయి నగరం నడిబొడ్డున ఉన్న హోవాలో కారాగారం ఆ మూడూ.

ఫ్రెంచి విప్లవం రోజుల్లోనే, 1790ల్లో, అధికారం కోల్పోయిన పక్షాలవాళ్లను గయానాకు ఓడలెక్కించారు. జ్వరాల బారిన పడి వారిలో చాలామంది తిరిగి రాలేదు. నెత్తురు చుక్క రాలకుండా ప్రాణం తీస్తుంది కాబట్టి ఆ ప్రవాసానికి ‘ఎండు గిలటిన్’ అని పేరు వచ్చింది. 1852లో లూయీ నెపోలియన్ ప్రభుత్వం అక్కడ ఖైదీల శాశ్వత వలసను నెలకొల్పింది. ఆ తరవాత ఎనభై ఆరేళ్లలో దాదాపు 70,000 మందిని అక్కడికి చేర్చారు. మలేరియా, ఎల్లో ఫీవర్, విరేచనాలు, అడవిలో చెట్లు నరికే చాకిరీ, చాలీచాలని తిండి వారి ప్రాణాలు హరించాయి. పారిపోదామంటే ఒకవైపు దట్టమైన అడవి, ఇంకోవైపు సొరచేపలు తిరిగే సముద్రం.

శిక్షాకాలం ముగిసినా విముక్తి లేదు. 1854 నాటి చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు శిక్ష పడినవాడు విడుదలయ్యాక అంతే కాలం గయానాలోనే ఉండాలి. ఎనిమిదేళ్లు, ఆపైన పడితే బతికినంత కాలం అక్కడే. దీన్ని ‘రెట్టింపు’ అనేవారు. విడుదలైనవాడికి పని దొరకడం కష్టం. దాదాపు ఊరకే చాకిరీ చేసే ఖైదీలు ఉండగా వాడికి కూలి ఇచ్చేదెవరు? చెరలో కనీసం తిండి పెట్టేవారు, విడుదలైతే అదీ లేదు. తెలుగువారికి ఇలాంటి దండన ద్వీపాంతరవాసంగా తెలుసు. 1922–24 నాటి రంప తిరుగుబాటు ఖైదీల్లో కొందరిని బ్రిటిషు ప్రభుత్వం అండమాన్‌కు పంపింది.

గయానా తీరానికి ఎదురుగా మూడు చిన్న దీవులున్నాయి. వాటిలో ‘డెవిల్స్ ఐలాండ్’, అంటే దయ్యాల దీవి, ప్రపంచమంతటా తెలిసింది. గూఢచర్య నేరం అన్యాయంగా మోపిన సైనికాధికారి ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్‌ను 1895 నుంచి 1899 వరకు అక్కడ ఉంచారు. కాపలావాళ్లు ఆయనతో మాట్లాడకూడదు. 1896లో ఆయన తప్పించుకున్నాడన్న వట్టి పుకారు పుట్టగానే రాత్రిళ్లు కాళ్లను మంచానికి సంకెళ్లతో బిగించారు. సముద్రం కనిపించకుండా గుడిసె చుట్టూ దడి కట్టారు.

అయితే మామూలు ఖైదీలు ఎక్కువగా భయపడింది పక్కనున్న సెయింట్ జోసెఫ్ దీవికి. దాన్ని వాళ్లు ‘మనుషులను తినేది’ అనేవారు. పారిపోబోయి దొరికినవాళ్లను అక్కడ ఏళ్ల తరబడి ఒంటరి కొట్లలో మూసేవారు. ఆ కొట్లకు పైకప్పు బదులు ఇనుప చువ్వలుండేవి. వాటి పైనుంచి కాపలావాడు నడుస్తూ కిందికి చూసేవాడు. ఖైదీ నోరు విప్పకూడదు.

1923లో పాత్రికేయుడు ఆల్బర్ లోంద్ర్ గయానా వెళ్లి, చూసినదంతా ‘ల పెతి పరీజియాఁ’ పత్రికలో రాశాడు. ఫ్రాన్సు ఉలిక్కిపడింది. అయినా కొత్త ఖైదీలను పంపడం 1938లో గాని ఆగలేదు. చివరివాళ్లు 1953లో ఇళ్లకు చేరారు.

ఇంతలో చువ్వల పైకప్పు మహాసముద్రాలు దాటింది. పూలో కొండోర్‌లో ఫ్రెంచివారు 1862లో ఖైదు నెలకొల్పి, వలస పాలనను ఎదిరించిన వియత్నామీయులను అక్కడ బంధించారు. 1940 ప్రాంతంలో కట్టిన కొట్లకు ‘పులి బోనులు’ అన్న పేరు స్థిరపడింది. అవీ పైన చువ్వలు, వాటి మీద కాపలా నడక ఉన్న గదులే. 1954లో ఫ్రెంచివారు ఓడిపోయాక ఆ బోనులు దక్షిణ వియత్నాం ప్రభుత్వానికి దక్కాయి. అదీ వాటిని కూల్చలేదు, వాడుకుంది. 1970 జూలైలో అమెరికా కాంగ్రెస్ సభ్యులిద్దరు అక్కడికి వెళ్లారు. వారి వెంట ఉన్న సహాయకుడు టామ్ హార్కిన్ ఫొటోలు తీశాడు. పైనుంచి తమ మీద సున్నం చల్లుతారని ఖైదీలు చెప్పారు. సంకెళ్లలో ఉండి ఉండి కాళ్లు చచ్చుబడినవాళ్లు వారికి కనిపించారు. ఆ ఫొటోలు ‘లైఫ్’ పత్రికలో అచ్చయి లోకమంతా గగ్గోలెత్తింది.

హనోయిలో ఫ్రెంచివారు కట్టిన కేంద్ర కారాగారానిదీ ఇదే కథ. అండమాన్‌లో సెల్యులర్ జైలు పని మొదలైన 1896లోనే దీని నిర్మాణమూ మొదలైంది. మట్టి పొయ్యిలు చేసి అమ్మే వీధిలో ఉన్నందువల్ల ప్రజలు దాన్ని హోవాలో, అంటే కొలిమి, అన్నారు. కొన్ని వందల మందికి కట్టిన చోట 1950ల నాటికి 2,000 మందిని కుక్కారు. వియత్నాం దేశభక్తుల తలలు తీసిన గిలటిన్ ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. ఫ్రెంచివారు వెళ్లాక ఉత్తర వియత్నాం ప్రభుత్వం 1964 నుంచి అందులో, వియత్నాం యుద్ధంలో పట్టుబడిన అమెరికన్ విమాన చోదకులను పెట్టింది. వాళ్లు దాన్ని వెటకారంగా, ఖరీదైన హోటల్ పేరు మీద, ‘హనోయి హిల్టన్’ అన్నారు. చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టడం, నెలల తరబడి ఏకాంతం వాళ్లు భరించారు. అక్షరాలను ఐదు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసలుగా అమర్చుకుని, గోడ మీద తట్టిన దెబ్బల లెక్కతో ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. పారిస్ శాంతి ఒప్పందం తరవాత 1973లో విడుదలయ్యారు. ‘హిల్టన్’ అన్న మాట అంతటితో ఆగలేదు. థాయిలాండ్‌లోని బాంగ్ క్వాంగ్ జైలును విదేశీయులు ‘బ్యాంకాక్ హిల్టన్’ అంటారు, స్థానికులకు అది ‘పెద్దపులి’.

వియత్నాంలోని ఆ రెండు చోట్లా పాలకులు మారారు, సిద్ధాంతాలు మారాయి, కొట్లు మాత్రం చేతులు మారుతూ నిలిచాయి. హోవాలోలోనైతే నిన్న బాధలు పడిన పక్షమే రేపు తాళంచెవులు పట్టింది. కాబట్టి క్రూరత్వాన్ని ఒక జాతికో, ఒక జెండాకో అంటగట్టి ఊరుకోవడం చరిత్రకు ద్రోహం. ఎవరూ చూడని గది ఎవరి చేతికి వచ్చినా అలాగే పనిచేస్తుంది.

ఈ అనుభవాలన్నిటి బరువూ అంతర్జాతీయ నియమాల వెనక ఉంది. ఖైదీల పట్ల కనీస ప్రమాణాలను 1955లో జెనీవాలో రూపొందించారు. 2015లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ వాటిని సవరించి, 27 ఏళ్లు చెరలో గడిపిన నెల్సన్ మండేలా పేరు పెట్టింది. వాటి ప్రకారం వరసగా 15 రోజులకు మించిన ఒంటరి నిర్బంధం నిషిద్ధం. చీకటి కొట్లు నిషిద్ధం. జైలుతో సంబంధం లేని స్వతంత్ర తనిఖీ తప్పనిసరి. వీటిలో తనిఖీయే ప్రాణం. గయానా దుస్థితి లోంద్ర్ కలం వల్ల, పులి బోనులు హార్కిన్ కెమెరా వల్ల బయటపడ్డాయి. బయటివాడు లోపలికి వెళ్లి, చూసి, రాయగలిగిన రోజునే ఏ దేశంలోనైనా జైలు చట్టపు అదుపులోకి వస్తుంది.