చిట్టాలో గళ్లు మార్చుట

1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున దశాంశ నాణెముల పద్ధతి అమలులోనికి వచ్చినది. అంతవరకు రూపాయికి 16 అణాలు. ఆనాటినుండి రూపాయికి 100 నయా పైసలు. పాత చిట్టాను ముందుంచుకొని అణాలను పైసలుగా మార్చి వ్రాయు గుమాస్తా నొకని ఊహింతము. సగము పద్దులు మార్చి, ఎంతవరకు వచ్చెనో గురుతు పెట్టక అతడు లేచిపోయినచో, తరువాత వచ్చినవాడు ఏ అంకె అణాలో, ఏది పైసలో ఎట్లు తెలిసికొనగలడు? మార్చినదానినే మరల మార్చిన యెడల ఆ లెక్క ఇక తేలదు.

నేడు సెల్‌ఫోనులకు ప్రోగ్రాములు వ్రాయు మాకు ఇట్టి చిక్కే తరచుగా ఎదురగుచుండును. ఇంటి ఖర్చులు వ్రాసికొను యాప్ నొకదానిని తీసికొందము. దానిలోని పద్దులు ఆ ఫోనులోనే ఒక చిన్న డేటాబేసులో నిలిచియుండును. ఇందుకు విరివిగా వాడబడునది ఎస్‌క్యూలైట్. అమెరికాకు చెందిన రిచర్డ్ హిప్ దీనిని 2000లో వెలువరించెను. ఇందు డేటాబేసంతయు ఒకే ఫైలుగా ఉండును. ఏ పట్టికలో ఏయే గళ్లుండవలెను, ఏ గడిలో ఎట్టి విలువ వ్రాయవలెను అను అమరికకు స్కీమా అని పేరు. పాత పద్దులు చెడకుండ ఆ అమరికను మార్చుటయే మైగ్రేషన్.

కార్యాలయములోని డేటాబేసు ఒక్కచోట ఉండును. దానిని మార్చువారు దగ్గరనుండి చూచుకొందురు. ఫోనులలోనిది అట్లు కాదు. వేయిమంది వాడినచో వేయి చిట్టాలు. అందొక్కటియు మా కన్నులకు కానరాదు. ఒకరు ప్రతి కొత్త కూర్పును వెంటనే తెచ్చుకొందురు. మరియొకరు రెండేండ్లు ఊరకుండి, మొదటి కూర్పునుండి నాలుగవదానికి ఒక్కసారిగా వత్తురు. కావున ప్రతి చిట్టాయు తాను ఏ మెట్టుపై ఉన్నదో తానే చెప్పవలెను. ఎస్‌క్యూలైట్ ఫైలు మొదటి 100 బైట్లలో ఇందుకై ఒక అంకెకు తావు కలదు; దానిని యూజర్ వెర్షన్ అందురు. యాప్ తెరచుకొనగానే ఆ అంకెను చదివి, 1 అని ఉన్నచో రెండవ మెట్టు, మూడవ మెట్టు, నాలుగవ మెట్టు వరుసగా ఎక్కించును.

మన యాప్‌లో రెండవ మెట్టున “ఎవరు ఖర్చు పెట్టిరి” అను గడి చేరినదనుకొందము. ఇది సులువు, పాత పద్దులలో ఆ గడి ఖాళీగా ఉండును. మూడవ మెట్టున, రూపాయలలో దశాంశ బిందువుతో ఉన్న మొత్తములను పైసలుగా మార్చి పూర్ణాంకములుగా ఉంచవలెను. ఏలన కంప్యూటరు సాధారణముగా వాడు ద్విసంఖ్యామాన పద్ధతిలో పది పైసలవంటి చిన్న విలువ సైతము సరిగా ఇమడదు. ప్రతి అంకెను 100తో గుణింపవలెను. గుణకారము ముగిసి, వెర్షన్ అంకె 3గా వ్రాయబడక మునుపే బ్యాటరీ అయిపోయినచో? మరునాడు యాప్ తెరచినపుడు అంకె ఇంకను 2గానే ఉండును. గుణకారము మరల జరుగును. 250 రూపాయల బియ్యము 25,000 రూపాయలగును. అందుచేత గుణకారమును, అంకె వ్రాయుటను ఒకే ట్రాన్సాక్షన్‌లో బంధింపవలెను. అపుడు రెండును జరుగును, లేదా రెండును జరుగవు. ఎస్‌క్యూలైట్‌లో పట్టికల మార్పు, ఈ అంకె మార్పు రెండును ఇట్లు బంధించుటకు వీలున్నది.

నాలుగవ మెట్టున అక్కరలేని గడి నొకదానిని తీసివేయవలెను. ఇందుకు నేరుగా ఆజ్ఞ 2021లోని 3.35 కూర్పుతోనే వచ్చినది. పాత ఫోనులలో అది ఉండదు. వానికై కొత్త పట్టికను చేసి, పద్దులను అందులోనికి ఎత్తివ్రాసి, పాతదానిని తొలగించి, కొత్తదానికి పాత పేరు పెట్టవలెను.

ఒకసారి జనుల చేతికి పోయిన మెట్టును పిమ్మట దిద్దరాదు. దానిని దాటినవారికి ఆ దిద్దుబాటు చేరదు. ఒకే అంకెగల రెండు ఫోనులలో రెండు అమరికలు ఏర్పడును. మూడవ మెట్టులోని తప్పును అయిదవ మెట్టున సవరించుటయే పద్ధతి. ప్రతి పాత కూర్పునకు ఒక మాదిరి ఫైలును దాచియుంచి, ఒక్కొక్కదానిని చివరి మెట్టువరకు ఎక్కించి, పద్దుల సంఖ్యను, మొత్తమును సరిచూడవలెను.

దారి తెలియనపుడు పాత పట్టికలను చెరిపి కొత్తగా మొదలుపెట్టు ఏర్పాటును ఆండ్రాయిడ్‌లోని రూమ్ వంటి సాధనములు మాకు కల్పించినవి. వార్తలవలె మరల తెప్పించుకొనగల సమాచారమునకు అది తగును. ఇల్లాలు మూడేండ్లుగా వ్రాసికొన్న పద్దులకు అది తగదు. వానికి వేరొక ప్రతి ఎక్కడను లేకపోవచ్చును. కనుక మెట్టెక్కించుటకు ముందు, డేటాబేసు మూసియుండగా ఫైలునకు ఒక నకలు తీయుట మా విధి. యాప్‌లో పద్దులను వెలికి తీసి దాచుకొను సదుపాయ మున్నచో, నెలకొకసారి దానిని వాడుకొనుట గృహస్థులకును మేలు.